వంతెన దాటని కాగితం

హెన్రీ బోల్స్ ఆరేళ్లుగా చావును తప్పించుకుంటూ బతుకుతున్నాడు. ఆ పేరు అతనిది కాదు, ఆ పుట్టినరోజూ అతనిది కాదు. సముద్రాల అవతలి తూర్పు దేశంలో జలాంతర్గాముల నమూనాలు గీసిన ఇంజినీరు, రహస్యాలతో సహా పారిపోయి వచ్చి, ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో గడియారాలు బాగుచేసుకుంటున్నాడు. 1983 మే నెలలో ఒక మంగళవారం పొద్దున పదిన్నరకు ఎవరో తలుపు తట్టారు. తీశాడు. టెలిఫోన్ కంపెనీ యూనిఫాంలో ఉన్న మనిషి మర్యాదగా టోపీ ఎత్తి, గుండెలో రెండుసార్లు కాల్చి, మళ్లీ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. సైలెన్సర్ చప్పుడు పక్కింటివాళ్లకు వినపడలేదు. కుక్క ఏడుపు మాత్రం వీధి చివరిదాకా వినపడింది.

బుధవారం తొమ్మిదింటికి కొలంబస్‌లో, బయట ఇన్సూరెన్సు కంపెనీ బోర్డు వేలాడే ఆఫీసులో, చీఫ్ పైక్ ఒక ఫైలును బల్ల మీద ఇటు తోశాడు.

"ఎలా దొరికాడు సార్?" అన్నాడు వెండెల్ ప్రుయిట్.

"కుక్క లైసెన్సు. కౌంటీ రిజిస్టర్లో కుక్క పేరు కూడా రాయించాడు. చిన్నప్పుడు వాళ్ల ఊరి పక్కన పారిన నది పేరు. రాష్ట్రం మొత్తం మీద ఆ పేరున్న కుక్క అదొక్కటే."

"మనిషికి పేరు మార్చాం..."

"కుక్కకు మార్చడం మరిచాం. వాళ్లకు గూఢచారులే అక్కర్లేదయ్యా. మన రిజిస్టర్లు చాలు. ఇంటి దస్తావేజులు, పెళ్లి లైసెన్సులు, ఓటరు జాబితాలు. కౌంటర్ దగ్గరకెళ్లి అడిగితే ఎవరికైనా తీసి ఇస్తారు."

"అతనిలాగే పారిపోయి వచ్చిన రెండో మనిషి?"

"మాస్టారు. లెక్కల ప్రొఫెసరు. ఈ రాష్ట్రంలోనే ఉన్నాడు. సోమవారం లోపల పట్టుకుంటారని సమాచారం. బోల్స్‌ను చంపిన ముఠాను నడిపేవాడి కోడ్ నేమ్ సర్వేయర్. ముఖం ఎవరూ చూడలేదు." పైక్ ఒక చీటీ తీశాడు. "కానీ రికార్డులు చూసినవాళ్లు సంతకం పెట్టే పుస్తకం ఒకటి ఉంటుంది చూడు, అదీ పబ్లిక్ రికార్డే. కుక్కల రిజిస్టర్ చూసిన మనిషి అక్కడ సంతకం పెట్టింది. మిసెస్ సి. ఎం. హాస్కెల్. ఎవరీవిడ? అది నువ్వు తేల్చాలి."

"నేనే ఎందుకు సార్?"

"మిగతావాళ్లకు కాల్చడమే వచ్చు. కాగితం చదవడం నీకొక్కడికే వచ్చు." ఆ మాట అంటూ పైక్ కిటికీలోంచి బయటికి చూశాడు. చీఫ్ ఎప్పుడూ మనిషి కళ్లలోకి చూసే మాట్లాడతాడని వెండెల్‌కు రెండు రోజుల తర్వాత గుర్తొచ్చింది.

గురువారం నాటికి వెండెల్ ప్రుయిట్ లేడు. వంశవృక్షాలు రాసుకునే ఎల్బర్ట్ క్రేన్ ఉన్నాడు. అంటించుకున్న నెరిసిన మీసం, మోచేతులకు తోలు అతుకులున్న కోటు, చేతిలో భూతద్దం. ఆ భూతద్దం పిడిలో కెమెరా. యాభై ఎనిమిదేళ్ల వెండెల్ ఎంత మామూలుగా కనిపిస్తాడంటే, మారువేషం వేస్తేనే నలుగురూ తిరిగి చూస్తారని ఆఫీసులో జోకు.

నోటరీల రిజిస్టర్లో ఆమె దొరికింది. మిసెస్ కొరీన్ మే హాస్కెల్. వృత్తి, ఇళ్ల దస్తావేజుల పరిశీలన. ఎవరూ అనుమానించని ఉద్యోగం. పక్క బల్ల దగ్గరి గుమాస్తా ఆ పేరు వినగానే టై సర్దుకున్నాడు. "ఆవిడా! ఆవిడ మెట్లెక్కి వస్తుంటే ఆఫీసంతా టైపింగ్ ఆగిపోతుందండీ."

ఇంటిపేరు హాస్కెల్ మొగుడిది అయ్యుంటుంది. కాబట్టి తర్వాత పెళ్లి లైసెన్సు. 1974లో పెళ్లి, ఏడు నెలల్లో విడాకులు. దరఖాస్తు తెరిచి, భూతద్దం ఆనించి, ఒక్కొక్క గడినీ ఫొటో తీసుకుంటూ వచ్చాడు. పుట్టిన చోటు, టల్లీ కౌంటీ, ఒహాయో. పుట్టిన తేదీ, 1951 ఏప్రిల్ 9. తల్లి, వెర్నా సేయర్. తండ్రి, వెండెల్ ప్రుయిట్.

ఆ ఫొటో మూడుసార్లు తీయాల్సి వచ్చింది. గుమాస్తాకు కృతజ్ఞతలు చెప్పాడు, టోపీ పెట్టుకున్నాడు, మెట్లు దిగి కార్లో కూర్చున్నాడు. దేశాలు తిరిగిన గూఢచారి, నట్టనడి మధ్యాహ్నం కారు పార్కింగులో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కొరీన్ మే అతని కూతురు. పదకొండు రోజులు బతికింది.

టల్లీ కౌంటీలో అప్పట్లో పెద్దాసుపత్రి లేదు. బిడ్డకు ఊపిరి ఆడకపోతే ఒహాయో నది మీది వంతెన దాటి వెస్ట్ వర్జీనియాకు పట్టుకెళ్లాలి. పట్టుకెళ్లాడు. అక్కడే పోయింది, అక్కడే వెర్నా తల్లిదండ్రుల పక్కన పూడ్చారు. ఆసుపత్రివాళ్లు మరణ పత్రం రెండు ప్రతులిచ్చారు. ఒకటి అక్కడి రిజిస్టరుకు. రెండోది బిడ్డ పుట్టిన కౌంటీలో ఇస్తే, అక్కడి జనన రిజిస్టర్లో ఆ పేరు మీద ఎర్ర ముద్ర కొడతారు. అది తండ్రే పట్టుకెళ్లి ఇవ్వాలి. వెండెల్ వంతెన మధ్యదాకా వచ్చి, కారు ఆపి, వెనక్కి తిప్పాడు. అతనొక్కడే కాదు. అవతలి ఒడ్డున బిడ్డను పోగొట్టుకున్న టల్లీ కౌంటీ తండ్రుల్లో ఆ కాగితాన్ని వంతెన దాటించినవాడు లేడు. ఇంట్లో బైబిల్ చివరి పేజీలో తేదీ రాసుకునేవాళ్లు, ఊరుకునేవాళ్లు. అందుకే ఆ రిజిస్టర్లో ఆ పిల్లలందరూ ఇంకా బతికే ఉన్నారు. పుట్టుక ఉండి చావు లేని పేర్లు. తమవాళ్లకు దొంగ పేర్లు తగిలించడానికి పరాయి దేశపు ముఠాకు అంతకంటే ఏం కావాలి?

శుక్రవారం టల్లీ కౌంటీ కోర్టుకు వెళ్లాడు. పనికి అవసరం లేదు. అయినా వెళ్లాడు. కౌంటర్ వెనక నలభై ఏళ్లుగా ఓపల్ డన్ఫీయే ఉంది. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి ఎగాదిగా చూసింది.

"ఏరా వెండెల్, ఏంటా మీసం? మీ నాన్నకీ నప్పలేదు, నీకూ నప్పలేదు."

"నా పేరు ఎల్బర్ట్ క్రేన్ అండీ..."

"నోర్ముయ్. నీ ముక్కు చీమిడి తుడిచినదాన్ని. ఏం కావాలి?"

"1951 జనన రిజిస్టర్."

ఆమె ముఖంలో వేళాకోళం పోయింది. మాట్లాడకుండా వెళ్లి పుస్తకం తెచ్చి, పేజీ తనే తీసింది. పేరు మీద ఏ ముద్రా లేదు.

"ఏటా ఏప్రిల్‌లో ఒకావిడ వచ్చి ఇదే పేజీ చూసి పోతుందిరా. అందగత్తె. మీ చుట్టమేమో అనుకున్నా." చూసినవాళ్ల పుస్తకం ముందుకు జరిపింది. "సంతకం పెట్టు. దొంగ పేరు పెడితే ఊరుకోను. నా పుస్తకంలో అబద్ధం ఉండదు."

అతను తన అసలు పేరే రాశాడు. పక్క గడిలో బంధుత్వం అడిగారు. పెన్ను కాసేపు గాల్లో ఆగింది. తండ్రి, అని రాశాడు. ముప్పై రెండేళ్లలో ఆ మాట ఎక్కడైనా రాయడం అదే మొదలు. ఎందుకో గుండె కొంచెం తేలికపడింది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో అతను చేసిన ఒకే ఒక్క తప్పు అదేనని ఆ క్షణాన తోచలేదు.

బయట ఫోన్ బూత్ నుంచి చీఫ్‌ను పిలిచాడు.

"సార్, మీకు ముందే తెలుసు."

"తెలుసు. బోల్స్ పోయిన సాయంత్రమే ఫోన్ చేసింది. మాట్లాడి వదిలేస్తామని చెప్పి చంపేశారంది. ఇటువైపు వచ్చేస్తానంది. అయితే మా నాన్నతోనే మాట్లాడతాను, ఆయన మీ దగ్గరే పనిచేస్తాడు అంది."

"నాతో చెప్పలేదేం?"

"ఎవరో ఆడమనిషి ఫోన్లో అందని నీ ముఖం మీద అనమంటావా? నువ్వు కాగితం చెబితేనే నమ్ముతావు. ఆదివారం పది గంటలకు, నది ఒడ్డున ఆపిల్ పై అమ్మే డైనర్ హోటలు. గుర్తుపట్టడానికి పువ్వుల కోడ్ మాట."

ఆదివారం పదింటికి ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది. మీగడ రంగు సూటు, నల్ల కళ్లద్దాలు. డైనర్లో కాఫీ తాగుతున్న మగాళ్లందరూ సగం కప్పు దగ్గరే ఆగిపోయి ఉన్నారు.

"ఈ ఏడు పియోనీ పువ్వులు ముందే పూశాయి," అన్నాడు వెండెల్.

"చీమలు పట్టకముందే కోసుకోవాలి," అంది. "కూర్చోండి నాన్నా."

"ఆ మాట అనకు."

"ఇంకేమని పిలవను? నా కాగితాలన్నిట్లోనూ అదే ఉంది."

వడ్డించే మనిషి ఆపిల్ పై పళ్లెం పెట్టి వెళ్లాక అతను అడిగాడు.

"ఆ పేరే ఎందుకు తీసుకున్నావు?"

"ఏడు పేర్లిచ్చారు. ఒకటి ఎంచుకోమన్నారు. ఏడు సమాధులూ చూసొచ్చాను. ఆరింటి మీద గడ్డి. ఒకదాని మీద పువ్వులు."

"పువ్వులుంటే వదిలేయాలి. వెనక మనుషులున్నట్టు. మొదటి పాఠమే అది."

"తెలుసు." ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్ల కింద నిద్రలేని నీడలు. "నన్ను అనాథాశ్రమం నుంచి తీసుకెళ్లి తయారుచేశారు. పువ్వులు చూసి ఆశపడ్డాను."

వెండెల్ తన కాఫీ కప్పు పక్కకు జరిపాడు.

"తర్వాత మీ ఇద్దరి గురించీ వెతికాను. ఇంటి దస్తావేజు, విడాకుల ఫైలు, మీ ఫెడరల్ ఉద్యోగం. విడాకుల ఫైల్లో ఆవిడ ఒకే కారణం రాసింది. నా భర్త మాట్లాడ్డం మానేశాడు, అని."

"అదీ చదివావా."

"పబ్లిక్ రికార్డే కదా." నవ్వబోయి మానుకుంది. "మీ సంగతి మావాళ్లకు చెప్పలేదు. చెబితే ఈ పేరు నా నుంచి లాక్కుంటారు. ప్రతి ఏప్రిల్‌లో వెళ్లి రిజిస్టర్ చూసుకునేదాన్ని. మీరు ఆ కాగితం తెచ్చిచ్చిన రోజు నా పని ముగిసినట్టే కదా. తొమ్మిదేళ్లు చూశాను. నేను చచ్చిపోయానని చెప్పడానికి ఎవరూ రాలేదు. మొదట్లో హమ్మయ్య అనిపించేది. పోనుపోను, ఎంత ప్రేమో వీళ్లకు, అనిపించేది."

"ప్రేమ కాదు. పిరికితనం."

"ఏదైతేనేం. దాని మీదే బతికాను."

తర్వాత పని మాటలు. మర్నాడు సోమవారం, డెకరేషన్ డే. ఊరంతా సమాధుల మీద పువ్వులు పెట్టే రోజు. చేతిలో పువ్వులున్న కొత్త మనిషిని ఎవరూ పట్టించుకోరు. పదకొండింటికి ఆమె పసిదాని రాయి దగ్గర పియోనీల డబ్బా పెట్టి వెళ్లిపోవాలి. డబ్బా అడుగున ఫిల్మ్ రోలు డబ్బీ, అందులో మాస్టారి చిరునామా. పావుగంట తర్వాత సర్వేయర్ వచ్చి తీసి, రేడియోలో చదువుతాడు. ఎక్కడో వ్యాన్‌లో తుపాకీతో కూర్చున్నవాడు అది విని బయల్దేరతాడు.

"మాస్టారు ఎక్కడున్నాడో తెలుసా నీకు?"

"పెళ్లి లైసెన్సుల్లో దొరికాడు. అరవై మూడేళ్లకు పెళ్లి చేసుకున్నాడు, పిచ్చి మనిషి. సంతకం ఎంత సంతోషంగా పెట్టాడో చూడాలి మీరు. అది రాయను. ఇంకేదో రాస్తాను."

"సర్వేయర్ వచ్చేసరికి నువ్వు గేటు దాటి ఉండాలి. వాడు చదివాక రేడియో జాడతో వ్యాన్‌నూ, వాణ్ణీ కలిపి పట్టుకుంటాం. సాయంత్రానికి నీకు కొత్త పేరు ఇస్తారు."

"ఇంకో పసిపిల్లదా?"

"కాదు. ఎవరిదీ కానిది."

ఆమె ఫోర్కుతో ఆపిల్ పై ముక్కను అటూ ఇటూ నెట్టింది. "ఇదే అలవాటైపోయింది," అంది మెల్లగా.

సోమవారం నది అవతల, పసిదాన్ని పూడ్చిన మేపుల్ హిల్ శ్మశానం తిరునాళ్లలా ఉంది. బాకాల వాళ్లు ఒకపక్క, పాత సైనికులు ఒకపక్క. ఎటు చూసినా వెండి రేకు చుట్టిన కాఫీ డబ్బాలు, వాటి నిండా గులాబీ రంగు పియోనీలు. గాలికి పడిపోకుండా డబ్బాల అడుగున తడి గులకరాళ్లు. వెండెల్ మాజీ సైనికుడి టోపీ పెట్టుకుని చిన్న జెండాలు పంచుతున్నాడు. గేటు దగ్గర పైక్ మెడలో కెమెరా సంచీ, దాంట్లో రేడియో. నలుగురు ఏజెంట్లు నాలుగు మూలల్లో లేని తాతల సమాధులకు దండం పెడుతున్నారు.

కొరీన్ అనుకున్న వేళకే వచ్చి డబ్బా పెట్టింది. వెనక్కి తిరిగింది. అప్పుడే వరుస చివర వెర్నా కనిపించింది, తన డబ్బా చంకన పెట్టుకుని.

"వచ్చావా తల్లీ!" అంది వెర్నా. "ఈ ఏడు రావేమో అనుకున్నా. ఎండకు చిక్కిపోయావేంటి?"

వెండెల్ చేతిలోని జెండాలు కిందపడ్డాయి. వీళ్లిద్దరికీ పరిచయం ఉందా? ఆ సంగతి ఏ రికార్డులోనూ లేదు. ఆమె వెళ్లిపోవాలి, ఇంకో నిమిషం కూడా ఉండకూడదు. కానీ వెర్నా ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె విడిపించుకోలేదు.

గడ్డి టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. పదినిమిషాలు ముందే. వెర్నాకు వంగి నమస్కరించాడు. కొరీన్ పక్కన నిలబడి, వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టే అన్నాడు.

"శుక్రవారం టల్లీ కోర్టుకెళ్లానమ్మా. చూసినవాళ్ల పుస్తకం నేనూ చూస్తుంటాను. మీ నాన్నగారొచ్చారట. తండ్రి అని సంతకం కూడా పెట్టారు. మాకు చెప్పనేలేదే!"

ఎనిమిది అడుగుల దూరంలో ఉన్న వెండెల్‌కు ప్రతి మాటా వినపడింది. పరిగెత్తాడు. కర్ర కొన ఆమె పక్కటెముకలకు తగిలింది. కర్రలో దాచిన తుపాకీ, ఒంటికి ఆనించి పేల్చడంతో సోడా మూత తీసినంత చప్పుడే వచ్చింది. ఆమె అలసిపోయినదానిలా గడ్డి మీద కూర్చుంది, వెండెల్ వచ్చి పట్టుకున్నాడు.

సర్వేయర్ తొందరపడలేదు, జెండాలు పంచే ముసలివాణ్ణి లెక్కచేయనూ లేదు. చిరునామా ఇంకా నిజమేనని అతని లెక్క, తండ్రి వచ్చింది మొన్ననే, ఆమె దాన్ని వెతికింది అంతకుముందే కదా. ఫిల్మ్ డబ్బీ తీసి, చీటీ విప్పి, కోటు మడతలోని మైకులో చదివాడు. "నలభై ఒకటి, సి వరుస, మేపుల్ హిల్. కానివ్వు."

మైకులోంచి గరగరమని గొంతు. "మేపుల్ హిల్లా? నువ్వు నిలబడ్డది అక్కడే కదయ్యా!"

సర్వేయర్ తల వంచి చూశాడు. కాళ్ల ముందు చిన్న తెల్లరాయి. మూల మీద నలభై ఒకటి. కర్ర వెర్నా వైపు లేచింది. ఆ అర క్షణంలోనే వెండెల్ వెర్నా చంకలోని డబ్బా లాక్కుని, గులకరాళ్లతో సహా అతని కణత మీద కొట్టాడు. కర్ర ఆకాశంలోకి పేలింది. బాకాల వాళ్లు అదీ వేడుకలో భాగమే అనుకుని వాయిస్తూనే ఉన్నారు. రేడియో జాడ పట్టుకుని రెండు మైళ్ల అవతల పెట్రోలు బంకు దగ్గర వ్యాన్‌ను ఆపేశారు. మాస్టారు ఆ వేళకు కొత్త పెళ్లాంతో కలిసి ఇంటికి తెల్ల రంగు వేసుకుంటున్నాడు. ఇవన్నీ పైక్ తర్వాత చెప్పాడు. వెండెల్ చెవిన పడలేదు.

ఆమెను తీసుకెళ్లింది అప్పట్లో పసిదాన్ని తీసుకెళ్లిన ఆ ఆసుపత్రికే. ఒంటిగంట దాటాక డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఆడించాడు. బెంచీ మీద వెండెల్, వెర్నా పక్కపక్కన కూర్చున్నారు. ముప్పై రెండేళ్ల కిందట కూర్చున్న వరండాయే. గోడల రంగు మార్చారు.

"ఆ పిల్ల మన పిల్ల కాదని నాకు తెలుసయ్యా," అంది వెర్నా. "నాకేం మతిపోలేదు. మూడేళ్ల కిందట ఆ రాయి దగ్గర నిలబడి ఏడుస్తుంటే, ఎవరమ్మా అన్నాను. నా పేరూ ఇదేనండీ అంది. అంతకంటే అడగలేదు. మన పిల్ల కోసం నాతోపాటు ఏడ్చినవాళ్లు ఇంకెవరున్నారు చెప్పు?"

అతను టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేనే చంపాను వెర్నా. కోర్టు పుస్తకంలో తండ్రి అని రాశాను. అది చూసే వాడు..."

వెర్నా అతని వైపు తిరిగింది. "రాశావా?" అంది. ఆమె కళ్ల నిండా నీళ్లు. "ఇన్నాళ్లకు రాశావా?"

ఆమె అతని చెయ్యి మీద చెయ్యి వేసింది. ఇద్దరూ ఆ రోజు ఏడ్చారు, ఒకరి పక్కన ఒకరు కూర్చుని. ఏ బిడ్డ కోసమో విడదీసి చెప్పడం వాళ్లకే చేతకాదు.

"చివర్లో ఆ పిల్ల నీ చెవిలో ఏదో చెప్పింది," అన్నాడు కాసేపటికి.

"అసలు పేరు."

"చెప్పు. రిపోర్టులో రాయాలి."

"ఎక్కడా రాయొద్దంది." వెర్నా ముఖం తుడుచుకుంది. "నేను చెప్పను. అదొక్కటి ఎవరూ వెతకలేని చోట ఉంటుంది."

మంగళవారం పొద్దున వెండెల్ వంతెన ఎక్కాడు. మధ్యలో కారు నెమ్మదించింది, ఆగలేదు. మీసం లేదు, భూతద్దం లేదు. లోపలి జేబులో, మడతల దగ్గర చిరుగులు పట్టిన కాగితం ఒకటి. ఓపల్ డన్ఫీ దాన్ని విప్పి, తేదీ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"కూర్చోరా నాయనా."

"నిలబడే ఉంటాను."

ఆమె ఆలస్యమైన నమోదు ఫారం తీసి ముందు పెట్టింది. బిడ్డ పేరు. పుట్టిన రోజు. పోయిన రోజు. తెలియజేసినవారికి బంధుత్వం. అన్నీ గబగబా నింపాడు. చివరి గడి దగ్గర ఆగిపోయాడు. ఆలస్యానికి కారణం.

"ఇది వదిలేయొచ్చా?"

"ఖాళీ ఉంటే తీసుకోను. రూలు. ఏదో ఒకటి రాయి."

ఎన్ని దేశాల్లో ఎన్ని దొంగ రిపోర్టులు రాశాడో లెక్కలేదు. ఇంత చిన్న గడి ముందు ఇంతసేపు ఎప్పుడూ నిలబడలేదు. చివరికి రాసి, ఫారం తిప్పి ఆమె వైపు జరిపాడు.

ఓపల్ చదివింది. ఆ వంతెనను పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషి. దాని మీద ఒకేసారి మూడు కార్లు చూసిన రోజు ఆమె జీవితంలో లేదు. తన పుస్తకంలో నలభై ఏళ్లుగా అబద్ధమన్నది రానివ్వలేదు. ఎర్ర ముద్ర తీసి, సిరా అద్ది, పేజీ మీద మెల్లగా నొక్కింది.

కారణం గడిలో అతను రాసింది రెండే మాటలు: వంతెనపై రద్దీ.